కొన్న వస్తువులో దానమెంత?

పాత వర్తకుల బిల్లు పుస్తకాలు చూచినవారు ఎరుగుదురు. సరకు ధర, హమాలీ, దలాలీ వ్రాసిన పిమ్మట అడుగున చిన్న పద్దు ఒకటి ఉండేది: ధర్మాదా. తెలుగులో ధర్మాదాయమన్నా అదే. బస్తాకు ఇంత, బేలుకు ఇంత అని కొనువాని వద్ద తీసుకొని, ఆ పైకమును వేరే ఖాతాలో జమకట్టి, గోశాలకో, ధర్మశాలకో, వేసవిలో చలివేంద్రానికో వెచ్చించేవారు. కొనువాడు ఆ పద్దును చూచి పేచీ పెట్టేవాడు కాదు. అమ్మువాడు దానిని లాభములో కలుపుకొనేవాడు కాదు. కలుపుకొన్నవారు ఎక్కడా లేరని నేను అనను. కాని అట్లు కలుపుకొన్నవానిని బజారులో ఏమని పిలిచేవారో మన పెద్దలందరికీ తెలుసును.

నేడు ఆ పద్దు వేషము మార్చుకొని మన ఇండ్లకు వస్తున్నది. సెల్‌ఫోను తెరిస్తే ఒక క్రీము ప్రకటన: ఈ డబ్బా కొన్నచో ఒక బాలిక చదువుకు కొంత సొమ్ము చేరునట. ఇంకొకటి చీరల దుకాణము: ఈ చీర కొన్న ప్రతి సోదరీ ఒక అడవి కుటుంబమునకు అన్నము పెట్టినట్టేనట. బట్టలు, నగలు, సౌందర్య సాధనాలు అమ్మే బ్రాండ్లు సరకుతో పాటు పుణ్యమును కూడా పొట్లము కట్టి ఇస్తామంటున్నవి. మనము వర్తకుల ఇంట పుట్టినవారము. పొట్లము విప్పి తూకము వేసి చూచుటకు మనకు సిగ్గు అక్కరలేదు.

సిరొంచ బజారును దృష్టిలో పెట్టుకొని ఈ సంగతి ఆలోచిద్దాము. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఈ గట్టున సిరొంచ, ఆ గట్టున కాళేశ్వరము. ఇంట మాట తెలుగు, కచేరీ మాట మరాఠీ. పూర్వము చాందా జిల్లాలో ఒక తహసీలు. 1982 ఆగస్టు 26న గడ్‌చిరోలి వేరు జిల్లా అయినప్పటి నుండి దానిలోనిది. నది ఆవలి నుండి సరకు వస్తుంది, పెండ్లి సంబంధాలు వస్తాయి. చట్టము మాత్రము మహారాష్ట్రది. ఆ చట్టములో మన ధర్మాదా పద్దుకు ప్రత్యేకముగా ఒక సెక్షనే ఉన్నది. 1950 నాటి బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టములో (ఇప్పుడు దీనిని మహారాష్ట్ర పేరుతో పిలుస్తున్నారు) 54వ సెక్షను అది. వ్యాపార ఆచారము చొప్పునగాని, ఒడంబడిక చొప్పునగాని ధర్మకార్యము కొరకని ఏ పేరుతో వసూలు చేసినా, ఆ సొమ్ము వసూలు చేసినవాని చేతిలో ట్రస్టు సొమ్ముగా ఉంటుంది. అతడు దానికి ధర్మకర్త మాత్రమే. సాలు లెక్కలు ముగిసిన మూడు నెలలలో ధర్మాదాయ కార్యాలయమునకు లెక్క చూపవలెను. మన తాతలు ఈ సెక్షను చదివి ధర్మాదా వ్రాయలేదు. వారు వ్రాస్తున్నదానిని చూచి చట్టము వ్రాసినారు.

ఉత్తర ప్రదేశ్‌లోని హాథ్రస్‌లో బిజ్లీ కాటన్ మిల్స్ అనే కంపెనీ ఇట్లే ధర్మాదా వసూలు చేసేది. అది కూడా మిల్లు ఆదాయమే, పన్ను కట్టవలెనని ఆదాయపు పన్ను శాఖవారు పట్టుబట్టినారు. వ్యవహారము సుప్రీంకోర్టు దాకా పోయినది. 1979 నాటి లా రిపోర్టులలో ఆ తీర్పు ఉన్నది. కొనువాడు ఇచ్చేటప్పుడే ధర్మమునకని వేరు చేసి ఇచ్చినాడు గనుక అది మిల్లు ఆదాయము కానేకాదని దాని సారాంశము.

ఈ పాత పద్ధతిలో ఉన్న స్పష్టత చూడండి. సరకు ధర ఒక గీత పైన, ధర్మము ఆ గీత క్రింద. క్రొత్త ప్రకటనలు చెరిపినది ఆ గీతనే. క్రీము ధర మూడు వందలు, అందులో ‘కొంత భాగము’ బాలికలకు అంటారు. ఎంత భాగము? ధరకు పైన వేసినదా, లాభములో తగ్గించుకొన్నదా? ధరకు పైన వేసినదైతే ఇచ్చినది కొనువాడు. కంపెనీ ఆ మూటను మోసుకొనిపోయే హమాలీ మాత్రమే. లాభములో తగ్గించుకొన్నదైతే ఇచ్చినది కంపెనీ. కొన్నవారు క్రీము కొన్నారు, అంతే. ప్రకటన మాత్రము రెండు విధములా పలుకుతుంది. కంపెనీ తన వార్షిక నివేదికలో ఇన్ని లక్షలు ఇచ్చితిమని వ్రాసుకొంటుంది. కొన్న అమ్మాయి తాను ఒక బాలికను చదివించినానని సంతోషిస్తుంది. ఒకే రూపాయి రెండు చిట్టాలలో జమపడింది. ఇటువంటి జమ మన గుమాస్తా వ్రాస్తే ఊరుకొంటామా?

పెద్ద కంపెనీల విషయములో మూడవ చిట్టా కూడా ఒకటి ఉన్నది. 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము నికర లాభము 5 కోట్లు, లేక టర్నోవరు 1000 కోట్లు, లేక నికర విలువ 500 కోట్లు ఉన్న కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు చొప్పున సమాజ హితమునకు వెచ్చించి తీరవలెను. తమ సరకు ప్రచారము కోసము స్పాన్సరుగా ఇచ్చినది ఈ లెక్కలోనికి రాదని 2021 జనవరిలో నిబంధన కూడా వచ్చినది. కాబట్టి అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: అయ్యా, మీరు ఇస్తామన్నది ఆ రెండు వంతులలోనిదా, దానికి పైనా? ఎట్లాగూ ఇవ్వవలసినదే అయితే మా చేత ఈ క్రీము కొనిపించుటకు ఆ బాలిక ముఖమెందుకు?

ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో దానమునకు చెప్పిన లక్షణము చాలా చిన్నది. మేలు కొరకు తనదైన దానిని విడుచుట అని దాని భావము. ‘తనదైన’, ‘విడుచుట’ అన్న రెండు మాటల మీద మనము కాస్త ఆగవలెను. మూడు వందలు ఇచ్చి మూడు వందల క్రీము ఇంటికి తెచ్చుకొన్నవారు ఏమి విడిచినట్టు? పిమ్మట ఆచార్యులు దానములో హెచ్చుతగ్గులు నాలుగింటి వలన కలుగునన్నారు: ఇచ్చే విధము, ఇచ్చే వస్తువు, ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు. ప్రకటన చివరిదానిని మాత్రమే చూపి తక్కిన మూడింటిని తెర వెనుక ఉంచుతుంది. అతిథిసంవిభాగ వ్రతమునకు చెప్పిన అతిచారములలో పరవ్యపదేశమని ఒకటి ఉన్నది. ఒకరు ఇవ్వవలసినదానిని తెచ్చి మరొకరు ఇచ్చుట అని వ్యాఖ్యాతలు ఒక అర్థము చెప్పినారు. సాధువులకు ఆహారమిచ్చే సందర్భములోని మాట అది. పదిమంది సొమ్ము పోగుచేసి తన పేరిట ఇచ్చే కంపెనీకి కూడా అది సరిగానే అతుకుతుందని నా అభిప్రాయము.

పేరు కోరుకొనుటను గురించి మాత్రము కంపెనీలను మరీ నిందించనక్కరలేదు. పర్యూషణములో మనము బోలీ పలుకుతాము. ఎవరు ఎంతకు పాడినారో మైకులో వినిపిస్తారు. విని సంతోషించనివారు తక్కువ. కరీంనగరు జిల్లా కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దములో శాసనము చెక్కించినాడు. అందులో తెలుగు కందపద్యాలు కూడా ఉన్నవి గనుక తెలుగువారందరూ అతని పేరు నేటికీ తలుస్తున్నారు. కాని అతడు పేరుతో పాటు వస్తువును కూడా చెప్పినాడు: త్రిభువనతిలకమనే బసది, కవితాగుణార్ణవమనే చెరువు, మదనవిలాసమనే తోట. చూడదలచినవారు ఆ కాలములో నడచిపోయి చూడగలిగేవారు. మన బోలీ సొమ్ము కూడా ఏ ఖాతాలోనిదో ముందే తెలుసును. దేవద్రవ్యము, సాధారణము, జీవదయ వేరువేరు. ఒకదాని నుండి తీసి ఇంకొకదానికి వాడితే సంఘములో రభస అవుతుంది. పైగా బోలీ పాడినవాడు ఇంటికి ఏ డబ్బా తెచ్చుకోడు.

ఈ పద్ధతిని పెద్దయెత్తున మొదలుపెట్టినవారు అమెరికావారు. 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ తన కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు, క్రొత్త కార్డు తీసుకొంటే ఒక డాలరు చొప్పున న్యూయార్కులోని స్వేచ్ఛా ప్రతిమ మరమ్మతుకు ఇచ్చినది. మొత్తము 17 లక్షల డాలర్లు చేరినవి. ఆ సంగతి లోకమునకు చాటుటకు పెట్టిన ప్రకటనల ఖర్చు దానికంటె ఎక్కువ. సౌందర్య సాధనాలలో ఇంతకంటె చాలా శుభ్రమైన ఉదాహరణ ఉన్నది. మాక్ అనే కంపెనీ 1994లో వివా గ్లామ్ పేరుతో ఒక లిప్‌స్టిక్ తెచ్చి, దాని అమ్మకపు ధర మొత్తము ఎయిడ్స్ రోగుల సహాయ నిధికి ఇస్తామన్నది. ‘కొంత భాగము’ అనే మాట లేదు. కంపెనీ లెక్క ప్రకారము ఇప్పటికి 50 కోట్ల డాలర్లు దాటినవి. ఎందరో రోగులకు మందు అందినది. దానిని చిన్నచేయుట తగదు. బ్రైటనులో 1976లో అనీటా రాడిక్‌గారు పెట్టిన బాడీ షాపు మరొక కథ. జంతువుల మీద ప్రయోగాలు వద్దని ఉద్యమము నడిపిన దుకాణమది. 2006లో దానిని లోరియాల్ కొన్నది, 2017లో నటూరా కొన్నది, పిమ్మట ఇంకొకరి చేతికి పోయి 2024లో బ్రిటనులో దివాలా వ్యవహారములో పడినది. ఆ పేరును నమ్మి కొన్నవారి విశ్వాసము కూడా గుడ్‌విల్ పద్దు క్రింద చేతులు మారినది. ధర్మాదా ఖాతాను ఎవరూ అట్లు అమ్మజాలరు.

పుణ్యము పేరిట పొట్లములో ఏమి వస్తున్నదో కూడా చూడవలెను. మన దేశములో 2014 మే నెలలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించుట నిషేధించినారు. ఆ ఏడు నవంబరులో అట్లు పరీక్షించిన సరకు దిగుమతిని కూడా ఆపినారు. చాలా మంచి పని. అయితే పరీక్ష వేరు, పదార్థము వేరు. కొన్ని ఎర్రని లిప్‌స్టిక్‌లలో వేసే కార్మైన్ రంగు కొచినీల్ పురుగులను ఎండబెట్టి తీసినది. కొన్ని గోళ్ల రంగులలోనికి లక్క పోతుంది. శ్రావకులు విడువవలసిన పదునైదు కర్మాదానములలో లాక్షావాణిజ్యము ఉన్నదని మనకు చిన్నప్పటి నుండి చెప్పినారు. బాలిక చదువుకు పది రూపాయలు పోయినంత మాత్రాన ఆ డబ్బాలోని పురుగులు లేచిరావు.

ఇంకొక చిక్కు ఎక్కువ సూక్ష్మమైనది. భోగోపభోగ పరిమాణ వ్రతమనగా వాడుకకు హద్దు గీసుకొనుట. నాలుగు చీరలు చాలుననుకొన్న ఇల్లాలు అయిదవదాని దగ్గర ఆగుతుంది. అది తనకోసము కాదు, ఒక పేదరాలికోసము అని చెప్పగానే ఆ హద్దు కరిగిపోతుంది. ఆశకు అనుకంప అని పేరు పెట్టి ఇంట్లోకి పిలిచినట్టు అవుతుంది. పరోపకారము చేయదలచినవారిని ఇంకొక చీర కొనవద్దని ఏ బ్రాండూ చెప్పదు గదా.

అట్లని ధర్మమును తలచుకొని చేసే కొనుగోలంతా బూటకమని అనలేము. చాందా దారిలో వరోరా దగ్గర బాబా ఆమ్టేగారు 1949లో మొదలుపెట్టిన ఆనందవనము ఉన్నది. కుష్ఠురోగులకు భిక్ష కాదు, పని కావలెనని ఆయన పట్టుదల. అక్కడివారు నేసిన బట్ట, చేసిన వస్తువు అమ్ముతారు. అక్కడ వస్తువు చేసినవాడే మేలు పొందినవాడు. మధ్య ప్రకటన లేదు, ‘కొంత భాగము’ లేదు. మనము ధర ఇస్తాము, అతడు కూలి తీసుకొంటాడు, ఇద్దరమూ సమానులమై లేస్తాము. దానిని దానమని నేను అననుగాని, చాలా దానములకంటె మేలైనదని ఒప్పుకొంటాను.

ఇక మన ప్రాంతపు అసలు చిక్కుకు వస్తాను. ఒకనాడు మా తమ్ముని కూతురు ఫోను చూపించి అడిగినది: “పెద్దబాపూ, ఈ దసలి పట్టు చీర కొంటే మన అడివి దిక్కు వాళ్లకే పైసలు ముడుతయట. కొనాల్నా, వద్దా?” వెంటనే జవాబు చెప్పలేకపోయినాను.

దసలి పట్టు మన నేల పంట. గడ్‌చిరోలి జిల్లాలో ఆర్మోరి వైపు, నది ఆవల మహదేవపూరు, చెన్నూరు వైపు నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీద ఈ పురుగులను పెంచుతారు. మల్బరీ పురుగువలె ఇంట తట్టలలో పెరిగేది కాదు. చెట్టు మీద విడిచి, పిట్టలు, చీమలు తినకుండా పగలంతా కావలి కాయవలెను. గూళ్లు కట్టిన పిదప కాయలు కోసి అమ్ముకొంటారు. పెంచేవారిలో పెక్కుమంది చేనులేని, చాలినంత చేనులేని కుటుంబాలవారు. ఆ పంట సొమ్ముతో అప్పు తీరుతుంది, బియ్యము వస్తుంది. కాని దారము తెగకుండా తీయవలెనంటే లోపలి ప్రాణి రెక్కలు తొడిగి బయటికి రాకమునుపే ఎండలోనో, ఆవిరిలోనో చంపవలెను. ఒక్క చీరకు వందల గూళ్లు కావలెను. చంపినవారు వేరు, నేసినవారు వేరు, కట్టినవారు వేరు అనుటకు మనకు వీలులేదు. చేయుట, చేయించుట, అనుమోదించుట మూడూ ఒక వరుసలోనివే. మన దేరాసరాలలోనే పూజకు పట్టు కట్టే అలవాటు ఎన్నో ఇండ్లలో ఉన్నది. ఆ సంగతి మీద పెద్దలు ఇన్నాళ్లూ మెల్లగా మాట్లాడుతూ వచ్చినారు. నాకు ఆ మెల్లదనము నచ్చదు.

మరి ఆ కావలి కాసే మనిషి మాటేమిటి? పురుగు ప్రాణము కాపాడి అతని కుండ ఖాళీ చేయుట అహింస అవుతుందా? పట్టు కొనుట మానిన సంఘము అతనికి ఏమి కొనిపెట్టినది?

ఇక్కడ ఒక తెలుగు ఉద్యోగి చేసిన పని చెప్పవలెను. చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు, పురుగును చంపని పట్టుచీర లేదా అని రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్‌గారి భార్య జానకీ వెంకటరామన్‌గారు అడిగిన ప్రశ్న మనసులో పెట్టుకొని దారి వెదికినారు. రెక్కల పురుగు గూడు తెరచుకొని వెళ్లిపోయిన తరువాత ఆ ఖాళీ గూళ్ల నుండి నూలు వడికించి చీరలు నేయించినారు. అహింసా పట్టు అన్న పేరు ఆయన వలన ప్రసిద్ధమైనది. దానిమీద పేటెంటు కూడా పొందినారు. తెగిన పోగులను వడికినది గనుక మెరుపు కొంచెము తక్కువ, ధర ఎక్కువ. దసలిలో ఇది క్రొత్త కూడా కాదు. విత్తనమునకు ఉంచిన కాయలను దండలు గుచ్చి వ్రేలాడదీస్తారు. రెక్కల పురుగులు వాటంతట అవి వెలువడి గుడ్లు పెడతాయి. మిగిలిన ఖాళీ కాయల నుండి ముతక నూలు తీయుట ఆ పనివారికి ఎప్పటినుండో తెలిసినదే.

ధర ఎక్కువ అన్నాను గదా. ఆ ఎక్కువ సొమ్ము, పురుగు వెళ్లేదాకా ఆగినందుకు పెంచినవానికీ, తెగిన పోగు వడికినందుకు వడికినామెకూ, గీత క్రింద వేరు పద్దుగా వ్రాసి, లెక్క చూపి చేర్చే బ్రాండు ఉంటే, దానిని మన తాతల ధర్మాదాకు వారసురాలని నేను ఒప్పుకొంటాను. మా అమ్మాయి ఆ చీరల దుకాణమునకు మూడు ప్రశ్నలు వ్రాసినది: పురుగు వెళ్లిన తరువాతి గూళ్లేనా? చీరకు ఎన్ని రూపాయలు పెంచినవారికి చేరుతున్నవి? ఆ లెక్క ఎక్కడ అచ్చు వేస్తున్నారు? జవాబుగా కృతజ్ఞతలతో నూటికి పది రాయితీ కూపను వచ్చినది.

నవ్వుకొన్నాము. కాని అహింసా పట్టు సంగతి కూడా ఆమెకు పూర్తిగా చెప్పక తప్పలేదు. పెబ్రిన్ అనే రోగము తల్లి నుండి గుడ్లకు పోతుంది. పోయినదా చెట్టుమీది పురుగులన్నీ చచ్చి పంట మొత్తము నాశనమవుతుంది. అందుచేత ఫ్రాన్సులో పాశ్చరు చూపిన పద్ధతిని అనుసరించి, విత్తన కేంద్రాలలో గుడ్లు పెట్టిన తల్లి పురుగును నూరి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. గూటి నుండి ప్రాణముతో వెలువడినదానికి అక్కడ ఆ గతి పట్టవచ్చును. “మరి అది ఎవరి ఖాతాల రాయాలె, పెద్దబాపూ?” అన్నది.

ఆ ఏడు పర్యూషణమునకు ఆమె నూలు చీర కట్టుకొని వచ్చినది. పట్టుచీరకని దాచుకొన్నదానిలో మిగిలిన సొమ్మును నది గట్టు పల్లెలో పట్టుకాయలు పెంచే ఒకరి బిడ్డ బడి ఖర్చుకు, తన పేరు చెప్పవద్దని, పంపినది. ఆ బిడ్డ తండ్రి ఇప్పటికీ తన కాయలను దారము తీసేవారికే అమ్ముతున్నాడు.